టవలు, చెంబు

చింతామణి టమోటా మార్కెట్లో కరెంటు పోయి వచ్చిన ఆ పొద్దున జనం వేసిన కేకకు నంది కొండ మీది కోతులు బెదిరి గౌరిబిదనూరు దాకా పరుగెత్తాయి. మధ్యలో ఒక్కటీ ఆగలేదు. బళ్ళకు వరుస టోకెన్లు ఇచ్చే లైనక్సు కంప్యూటరు ఆరిపోయి, మళ్ళీ లేచి, అందరినీ మరిచిపోయి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది మరి.

ఆ ప్రోగ్రాం రాసిన గూళూరు రవీంద్ర కిటికీ వెనక చెమటలు కక్కుతున్నాడు. పనిలో చేరి నెల కాలేదు. ఇంకోసారి ఇట్లయితే ఇంటికే అని మార్కెట్టు సెక్రెటరీ అప్పుడే చెప్పి పోయాడు.

ఏడో నంబరు చీటీతో ఒకమ్మాయి కిటికీ తట్టింది.

"ఏమప్పా, మా నాయన బాగేపల్లి నుంచి కోడి కూయకముందే బండి తెచ్చినాడు. మా ఏడు యాడికి పోయె?"

"కరెంటు పోయింది మేడం."

"కరెంటు పోతే నీ పేరు నువ్వు మర్చిపోతావా?"

"మిమ్మల్ని చూస్తే మర్చిపోయేటట్లే ఉండాది."

ఆ అమ్మాయి, చైత్ర, నవ్వు ఆపుకుంది. బెంగళూరు కంపెనీలో ఆమె పని ఇట్లాంటి మెషీన్లను మేపడమే. లోపలికొచ్చి స్క్రీను చూసి తల కొట్టుకుంది.

"టోకెన్ల లిస్టు స్లాష్ రన్ ఫోల్డర్‌లో పెట్టినావా! మెషీను ఆరితే ఆడుండేదంతా పోతాది. అది బస్సు సీటు మీద ఏసిన టవలు. ట్రిప్పు అయిపోతే దానికేం మర్యాద? పోకూడనిది స్లాష్ వార్ స్లాష్ లిబ్‌లో పెట్టాల. స్టీలు చెంబు మీద పేరు చెక్కించినట్ల."

చీటీలున్న వాళ్ళందర్నీ పిలిచి, ఇద్దరూ కూర్చుని పాత వరుస మళ్ళీ ఎక్కించారు.

రవీంద్రకు శ్రద్ధ ఎక్కువ. ఆమె పోగానే 'నేను నడుస్తున్నాను' అని ప్రోగ్రాం తన గుర్తుకు రాసుకునే చీటీతో సహా సర్వం ఆ లిబ్‌లోకి తోసేశాడు.

వారం తిరక్కముందే మళ్ళీ కరెంటు పోయి వచ్చింది. ప్రోగ్రాం లేవలేదు. పాత చీటీ చూసి, ముందే నడుస్తున్నాను కదా, మళ్ళీ లేవడమెందుకని పడుకుంది. సెక్రెటరీ గడియారం చూపించాడు. "పది నిమిషాల్లో లేపకుంటే ఇంటికే!"

రవీంద్ర బయటికి పరుగెత్తాడు. వాళ్ళ నాయన బైరప్ప బండి మీద చైత్ర కనబడింది.

సంగతి విని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "టవలు మీద గూడా పేరు చెక్కిస్తారా యాడన్నా? ఆ చీటీ రన్‌లోనే ఉండాల. మెషీను పడుకుంటే అదీ పోవాల!"

పాత చీటీ తీసేసింది. కొత్తది రన్‌లో పెట్టించింది. ప్రోగ్రాం దిగ్గున లేచి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వరుస పిలిచింది. రవీంద్ర పని నిలిచింది. మనసు మాత్రం నిలవలేదు.

బైరప్ప బండి మరుసటి లోడుతో వచ్చినప్పుడు రవీంద్ర చేతులు వెనక పెట్టుకుని వచ్చాడు. ముందుకు తెస్తే, కొత్త స్టీలు చెంబు. దాని మీద చుక్కలు చుక్కలుగా 'చైత్ర, రవీంద్ర'.

చైత్ర ముఖం టమోటా అయింది. "ఒక టవలన్నా ఏయకుండా నేరుగా చెంబే చెక్కిస్తివా?"

"పోకూడనిది యాడ పెట్టాలో మీరే చెప్పితిరి గదా!"

బైరప్ప చెంబు అందుకుని, తిప్పి తిప్పి చూసి, వేలితో గీకాడు. అక్షరాలు కదల్లేదు.

"నీకు సమ్మతమేనా అమ్మా?"

ఆమె తలొంచుకునే ఊపింది.

"చెక్కినాక చెరిపేకి అయ్యేది లేదు. ఇంటికి ఎత్తుకుపోదాం," అన్నాడు బైరప్ప. "చెంబునీ, చెంబు తెచ్చినోన్నీ."