మూడు బెల్లాలకూ ఒకటే మాట

సబీహా స్టీలు పళ్లాన్ని తలకిందులు చేసి పట్టుకుంది. అందులోని పల్లీ చిక్కీ కింద పడలేదు. గట్టిగా ఊపింది. అయినా పడలేదు.

"సూసేవా?" అంది. "పొద్దున్నుంచి ఇలాగే ఉంది. ఇరగట్లేదు, ఊడట్లేదు."

సుమశ్రీ చిక్కీని వేలితో నొక్కి చూసింది. వేలు అంటుకుపోయింది. చిక్కీ అంటే కరకరలాడాలి కదా! ఇదేమో జిగురులా సాగుతోంది. సుమశ్రీకి నవ్వొచ్చింది. కానీ సబీహా మొహం చూసి ఆ నవ్వు మింగేసింది.

ఇద్దరూ ఆరో తరగతి. కూర్చునేది ఒకే బెంచీ మీద. సుమశ్రీ వాళ్ల నాన్న రామ్‌గోపాల్‌కి అనకాపల్లి మెయిన్ రోడ్డులో బెల్లం కొట్టు ఉంది. ఇద్దరూ ఇప్పుడు ఆ కొట్టు ముందే ఉన్నారు. దానికి రెండు వీధుల అవతలే సబీహా వాళ్ల ఇల్లు. ఆ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా సబీహా అమ్మమ్మ అమీరున్నీసా చేసిన చిక్కీ ఉండి తీరాల్సిందే. వచ్చినవాళ్ల చేతిలో ముందు అది పెట్టాకే మంచినీళ్లయినా ఇస్తారు. ఆమెను సబీహా నానీ అంటుంది. సుమశ్రీ కూడా నానీ అనే అంటుంది.

"సాయంత్రం నక్కపల్లి నుంచి పెళ్లికొడుకు వాళ్లు వత్తన్నారే," అంది సబీహా. "మా చిన్న ఖాలా సంబంధం ఖాయం సేసుకోడానికి. నానీ పొయ్యి దగ్గర కూకుని ఏడుత్తంది. తన సెయ్యి పాడైపోయిందంట. ఇంక జన్మలో చిక్కీ సెయ్యనంటంది."

ఖాలా అంటే సబీహా వాళ్ల అమ్మకి చెల్లెలు. ఆమె పెళ్లి కోసం ఆ ఇల్లంతా ఎంత ఎదురుచూస్తోందో సుమశ్రీకి తెలుసు.

"ఏ బెల్లం వాడేరు?" అని అడిగింది.

"మీ కొట్టుదే. నానీ వత్తే మీ నాన్నే సూసి ఇత్తాడు. మోకాలి నొప్పని ఈసారి కొట్టుకి రాలేదు. మీరు వాట్సాప్‌లో పెట్టింది నేనే సదివి వినిపించేను. మూడూ ఒకలాగే ఉన్నాయి కదాని మొదటిది తెప్పించేం."

సుమశ్రీ నాలుక కరుచుకుంది. వాట్సాప్‌లో పెట్టింది రాసింది తనే. సరిగ్గా చెప్పాలంటే తను కూడా కాదు, నాన్న ఫోన్‌లో ఉన్న ఏఐ.

కిందటి వారం నాన్న, "మన దగ్గరున్న మూడు రకాల బెల్లం గురించి అందరికీ తెలిసేలాగ నాలుగు ముక్కలు రాసీమ్మా," అని ఫోన్ చేతిలో పెట్టాడు. సుమశ్రీ ఏఐని, "అనకాపల్లి బెల్లం గురించి గొప్పగా రాయి," అని అడిగింది. చిటికెలో రాసిచ్చింది. మళ్లీ అదే అడిగింది. ఇంకొకటి ఇచ్చింది. ముచ్చటగా మూడోసారి కూడా అడిగింది. ఒక్కోదాని పైన ఒక్కో బెల్లం పేరు తగిలించి, హాయిగా కార్టూన్లు చూస్తూ కూర్చుంది. నాన్న పైన రెండు లైన్లు చూసి, "అబ్బో! ఎంత పెద్ద పెద్ద మాటలో!" అని మురిసిపోయి అందరికీ పంపేశాడు.

ఇప్పుడు సుమశ్రీ నాన్న ఫోన్ తీసి పైకి చదివింది.

"స్వచ్ఛమైన, సహజమైన, రుచికరమైన అనకాపల్లి బెల్లం. చిక్కీ నుంచి పరమాన్నం వరకు అన్ని వంటలకూ శ్రేష్ఠం."

రెండోది చదివింది. "సహజమైన, స్వచ్ఛమైన, మధురమైన అనకాపల్లి బెల్లం. పరమాన్నం నుంచి చిక్కీ వరకు అన్ని వంటలకూ ఉత్తమం."

మూడోది చదవబోతే సబీహానే అందుకుంది. "మధురమైన, సహజమైన, స్వచ్ఛమైన..."

ఈ గోలంతా విని లోపలి నుంచి రామ్‌గోపాల్ వచ్చాడు. పళ్లెం చూశాడు. ఫోన్ చూశాడు. బొటనవేలితో బెల్లం పేరు మూసేసి సుమశ్రీ ముందు పెట్టాడు.

"ఇప్పుడు సదివి సెప్పమ్మా. ఇది ఏ బెల్లం?"

సుమశ్రీ చదివింది. తెలియలేదు. మళ్లీ చదివింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు వాడింది మెత్తబెల్లం తల్లీ," అన్నాడు రామ్‌గోపాల్ సబీహాతో. "పరమాన్నంలో ఏత్తే ఎన్నలాగ కరిగిపోతాది. దాని పాకం మాత్రం గట్టిపడదు. చిక్కీకి గట్టిబెల్లమే ఉండాల."

"ఈ సంగతి నాకు సెప్పలేదేటి నాన్నా?"

"నువ్వు అడిగేవేటి?"

అడగలేదు. గొప్పగా రాయమని ఏఐని అడిగింది గానీ, ఏ బెల్లం దేనికి పనికొస్తుందో ఎవరినీ అడగలేదు. ఈ కొట్టులో ఏముందో పాపం ఆ ఏఐకి మాత్రం ఎలా తెలుస్తుంది?

రామ్‌గోపాల్ కూతురి తల నిమిరాడు. "నీ ఒక్కదాని తప్పే కాదులే. నేనూ పూర్తిగా సదవకుండా పంపేను. ముందు ఈ గట్టిబెల్లం పట్టికెళ్లండి. సాయంత్రం దాకా టైముంది."

పిల్లలిద్దరూ పరుగెత్తారు. అమీరున్నీసా పొయ్యి దగ్గర పీట మీద కూర్చునే ఉంది. కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

సుమశ్రీ ఆమె ముందు నిలబడింది. గట్టిబెల్లం ఆమె చేతిలో పెట్టింది. "నానీ, మీ సెయ్యి పాడవ్వలేదు. తప్పు నాది. మూడు బెల్లాలకీ ఒకటే రాసేను. అందుకే మీకు తేడా తెలీలేదు."

అమీరున్నీసా పీట మీంచే చెయ్యి చాపింది. సుమశ్రీని దగ్గరికి లాక్కుంది.

"అరె బేటీ! మోకాళ్లతో పాటు సేతులు కూడా పోయేయనుకున్నానే! ఎంత బెంగెట్టుకున్నానో! పద పద, పల్లీలు ఏపించండి."

పాకం పొంగింది. నానీ ఒక చుక్క తీసి నీళ్లగిన్నెలో వేసి, సుమశ్రీని ఉండ చేయమంది. సుమశ్రీ చేసింది. "ఇప్పుడు పళ్లానికేసి కొట్టు," అంది నానీ. కొట్టింది. 'టంగ్'మని మోగింది.

"ఇదీ పాకమంటే!" అంది నానీ. ఆమె మొహం వెలిగిపోయింది. సుమశ్రీ వేయించిన పల్లీలు అందించింది.

సాయంత్రం కొట్టులో ఓ మూల కూర్చుని సుమశ్రీ మళ్లీ ఫోన్ పట్టుకుంది. "చెప్పిన మాట మళ్లీ చెప్పకుండా రాయి," అని ఏఐకి చెప్పింది. అది 'స్వచ్ఛమైన' తీసేసి 'నిర్మలమైన' అని రాసింది. రెండోదానికి 'పరిశుద్ధమైన' అని రాసింది. సుమశ్రీకి నవ్వొచ్చింది. మాట మారింది గానీ సంగతి మారలేదు.

ఈసారి తను చూసింది, విన్నది అంతా దానికి చెప్పింది. పాకం ఎలా మోగిందో చెప్పింది. చిక్కీ పళ్లాన్ని ఎలా పట్టుకుని వదల్లేదో కూడా చెప్పింది. ఏఐ రాసిచ్చింది. రెండింటి మొదట్లోనూ మళ్లీ ఆ 'స్వచ్ఛమైన' వచ్చి కూర్చుంది. దాన్ని చెరిపేసింది. రెండుసార్లు చెప్పినవన్నీ కొట్టేసింది. చివరికి మిగిలింది కాస్తే.

"గట్టిబెల్లం: చిక్కీకి ఇదే. పాకం ఉండ చేసి పళ్లానికేసి కొడితే టంగుమంటుంది."

"మెత్తబెల్లం: పరమాన్నంలో ఇట్టే కరుగుతుంది. చిక్కీకి మాత్రం వద్దు."

రామ్‌గోపాల్ ఈసారి కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివాడు. రెండోదాని దగ్గర ఆగి గడ్డం గోక్కున్నాడు.

"దేనికి పనికిరాదో కూడా రాత్తావేటమ్మా? బేరం పోతాదేమో!"

"రాయకపోతే ఇంకో నానీ ఏడుత్తాది నాన్నా."

రామ్‌గోపాల్ ఆ మాట అలాగే ఉంచాడు. రెండూ అందరికీ పంపేశాడు.

అంతలో ఫోన్ మోగింది. సబీహా! మాట కన్నా ముందు కరకరమని నమిలే చప్పుడు వినిపించింది. "ఖాయమైపోయిందే!" అని అరిచింది సబీహా. "పెళ్లికొడుకు నాలుగు ముక్కలు తిన్నాడు. నానీ నిన్ను రమ్మంటంది!"

సుమశ్రీ ఆనందంతో గెంతులేసింది. రామ్‌గోపాల్ నవ్వుతూ కొట్టు మూయడానికి లేచాడు.

"మరి మూడోది? పాతబెల్లానికి రాయలేదేటి?"

"రాయలేదు," అంది సుమశ్రీ. "దాని రుచి నాకింకా తెలీదు."

రామ్‌గోపాల్ కుండ మూత తీసి, నల్లటి పాతబెల్లం చిన్న ముక్క విరిచాడు. సుమశ్రీ ఫోన్ పక్కన పెట్టేసి, రెండు చేతులూ చాపింది.