గోడకి అవతల మూడు దెబ్బలు

"ఈ స్క్రూలు బిగించిన మహానుభావుడెవరోగానీ, దొరికితే నాలుగు తగిలించాలి," అన్నాను.

"అదిగో, మా నాన్నే. తగిలించు," అంది ఆ అమ్మాయి.

ట్రక్కు నీడలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన టోపీ అంచు పట్టుకుని నాకేసి తల ఊపాడు. వెర్లిన్ పెన్నర్. మా విచిటా ఊరి విమానాల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు రేకుల్ని కలిపే రివెట్లు కొట్టిన మనిషి. అంతటివాడు సొంత క్యాంపర్ అల్యూమినియం రేకుల్లో ఇనుప స్క్రూలు బిగించాడు! తడి తగిలితే ఇనుము పక్కనున్న అల్యూమినియం తెల్లటి పొడై రాలిపోతుందని మా ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలుసు.

"గాలివాన ముంచుకొస్తోందయ్యా ఆ రోజు," అన్నాడాయన. "చేతికి అవే దొరికాయి."

"ఏ ఏటి గాలివాన పెన్నర్ గారూ?"

"ఆ సంగతి వదిలేయ్."

అమ్మాయి పకపకా నవ్వింది. నా కొంప అక్కడే మునిగింది.

ఆమె పేరు ట్రూడీ. ఆ క్యాంపర్ అరవైల నాటిది. ట్రక్కు వీపున ఎక్కించుకునే చిన్న అల్యూమినియం గది. లోపల ఓ మంచం, ఓ పొయ్యి, ఇద్దరు మోకాళ్లు తగిలించుకుని కూర్చునే బల్ల. ఇప్పుడు నేల చెక్క కుళ్లిపోయింది, కిటికీ రబ్బర్లు ఎండి పగిలాయి, పక్క రేకులు చిల్లులు పడ్డాయి. దాన్ని బాగుచేసి, పైన సోలార్ పలక, కొత్త బ్యాటరీ, చిన్న ఫ్రిజ్ కూడా పెట్టాలట. వేసవి మొదలయ్యేసరికి ఆమె ఐడహో అడవుల్లో, జనం గుడారాలు వేసుకునే ఒక క్యాంపుగ్రౌండ్ చూసుకునే ఉద్యోగంలో చేరాలి. ఉద్యోగం ఇస్తారుగానీ ఇల్లివ్వరు. ఇదే ఇల్లు.

"బయట నుంచి ఒక్కరే బిగించే పాప్ రివెట్లు కొట్టేస్తే తొందరగా అయిపోదూ?" అని అడిగింది.

"ఎందుకవదు? మొదటి వానకే నీ మంచం మీద చేపలు కూడా పెంచుకోవచ్చు."

"అబ్బో! ఈయనగారికి జోకులు కూడా వచ్చు నాన్నా."

నాకు జోకులు రావు. ఆమె ఎదురుగా ఉంటే ఏదో ఒకటి నోట్లోంచి వచ్చేస్తుంది, అంతే. అప్పటికి ఫ్యాక్టరీ మా షిఫ్టు మొత్తాన్ని ఇంటికి పంపేసింది. అక్కడే స్టోర్స్‌లో పనిచేసే ట్రూడీనీ పంపేసింది. ఆమె వెంటనే ఇంకో రాష్ట్రంలో పని వెతుక్కుంది. నేను అద్దె షెడ్డులో కూర్చుని, జనం తెచ్చే పడవలూ ట్రైలర్లూ అతుకుతూ నా గీత ఇంతేలే అనుకుంటున్నాను.

విమానానికి కొట్టినట్టు రివెట్ కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలి ఒత్తిడితో దడదడ కొట్టే గన్నుతో రివెట్ తల మీద కొట్టాలి. లోపల ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే, రివెట్ తోక దాని మీద అణిగి గుండ్రంగా పరుచుకుంటుంది. మధ్యలో రేకు. ఒకరికొకరు కనిపించరు. అందుకే లోపలివాళ్లు దిమ్మతో రేకు మీద తట్టి చెబుతారు. ఒక దెబ్బయితే ఇంకాస్త కొట్టు. రెండయితే సరిపోయింది. మూడయితే చెడిపోయింది, తీసెయ్.

తోకని చూసేది లోపలివాళ్లే కాబట్టి వాళ్ల మాటే మాట. బయటివాడు ఎదురు ప్రశ్న వేయడు, లోపలికెళ్లి తొంగి చూడడు. అలా చూశాడంటే తోటివాణ్ణి నమ్మనట్టు. మా ఊళ్లో దాని మీద స్నేహాలు కూడా చెడ్డాయి.

లోపల దిమ్మ పట్టుకోవడం ట్రూడీకి నేర్పాను. ఇట్టే పట్టేసింది.

"ఏయ్ ఓరిన్, నవ్వుకుంటూ కొట్టకు. వంకర పోతుంది," అని గోడవతల నుంచి అరిచేది.

"నేను నవ్వుతున్నట్టు నీకెలా తెలుసు?"

"గన్ను వణుకుతోంది బాబూ. నా మోచేతి దాకా తెలుస్తోంది."

"వణుకు కాదు, ఆకలి."

"పొద్దున తెచ్చిన క్యాబేజీ బన్నులు నాలుగూ మింగిందెవరు మరి?"

రెండు దెబ్బలు. మళ్లీ రెండు దెబ్బలు. నేల చెక్క మార్చాం, వైర్లన్నీ కొత్తవి లాగాం. సోలార్ పలక బిగించిన రోజు లోపల దీపం వెలిగితే ట్రూడీ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేసింది. ఆ చెయ్యి ఆ పూటంతా నాది కాదు.

ఇంత సంతోషం నాకెందుకు దక్కుతుంది! నేను ఎంత బాగా కొడితే ఆమె అంత తొందరగా వెళ్లిపోతుంది. ఒక్కో రేకూ మెరుగెక్కి అద్దంలా తేలుతుంటే నాకు గుండె జారిపోయేది. ఉండిపొమ్మని అడగాలి. ఏముందని అడగను? పనిలేనివాణ్ణి. చేతిలో పనితనం ఒక్కటే ఉంది. అదైనా ఉంది కదా అని ధైర్యం కూడదీసుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే ఆ మూడు దెబ్బలు మొదలయ్యాయి.

చివరి పక్క రేకు బిగిస్తున్నాం. గన్ను శబ్దం నా చెవికి బాగానే ఉంది. లోపల నుంచి టక్, టక్, టక్.

"చెడిపోయిందా?"

"చెడిపోయింది," అంది ట్రూడీ, చిన్న గొంతుతో.

డ్రిల్లుతో తల తొలిచి తీసేశాను, తోక లోపలికి రాలింది. ఇంకొకటి కొట్టాను. మళ్లీ మూడు. మర్నాడు ఇంకా ఎక్కువ. తీసిన చోటల్లా రంధ్రం పెద్దదవుతుంది, ఇంకా లావు రివెట్ పెట్టాలి, అదీ పాడయితే రేకే మార్చాలి. ఆ రేకు మార్చనే మార్చాం. కొత్త రేకులోనూ అదే వరస.

నా చేతులకేసి చూసుకున్నాను. పైకి బాగానే ఉన్నాయి. ఫ్యాక్టరీలో ముసలివాళ్లకి ఇలాగే అవుతుందని విన్నాను. ఏళ్లకేళ్లు గన్ను పట్టి పట్టి వేళ్లకు స్పర్శ పోతుంది. పోయిన సంగతి వాళ్లకి తెలీదు. నాకు ముప్ఫయ్యయినా రాలేదు. దేవుడా, ఇంత తొందరగానా!

ఆ వారమే ఊరవతల విమానాల రిపేరు షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. వచ్చి చేతి పనితనం చూపించమన్నారు, నచ్చితే వెంటనే పని. నేను రానని చెప్పేశాను.

ట్రూడీకి ఆ మాట గన్నుకి గాలి గొట్టం బిగిస్తూ గోడ ఇవతల నుంచే చెప్పాను. "పదిమంది ముందు పరువు పోగొట్టుకోవడం దేనికి? నా చెయ్యి పోయింది ట్రూడీ. నీది ఎలాగో పూర్తి చేసి, ఇంక గన్ను అమ్మేస్తాను."

గన్ను రేకుకి ఆనించాను.

"ట్రూడీ? దిమ్మ పెట్టావా?"

జవాబు లేదు. భయమేసి, రివెట్లు కొట్టే పని మధ్యలో మొదటిసారి లోపలికెళ్లాను. నేల మీద కూలబడి ఉంది. ఒళ్లో చెత్తచేట, దాని నిండా తీసేసిన రివెట్ తోకలు. చేట నా ముందుకు తోసింది.

"చూడు."

ఒకటి తీసి చూశాను. గుండ్రంగా, సమంగా, పగుల్లేకుండా ఉంది. ఇంకొకటీ అంతే. అన్నీ అంతే. నా జీవితంలో అంతకంటే మంచి రివెట్లు కొట్టలేదు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయిగా," అన్నాను తెలివితక్కువగా.

"బాగానే ఉన్నాయి."

"మరి మూడు దెబ్బలు?"

"అయిపోతోంది కదా ఓరిన్!" అని ఏడ్చేసింది. "ఈ ఒక్క రేకే మిగిలింది. రెండు తడితే అయిపోతుంది, నేను వెళ్లిపోవాలి. నువ్వు ఉండమనవు. ఇవాళ అంటావు, రేపంటావు అని చూశాను. కాస్త ఆలస్యం చేద్దామనుకున్నా, అంతే. నీ చెయ్యి మీద నీకే అనుమానం వస్తుందని నాకేం తెలుసు?"

సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఏ మొహం పెట్టుకుని ఉండమంటాను? పని లేదు, చెయ్యి కూడా పోయిందనుకున్నాను. నిద్రల్లేక చచ్చాను! అడుగుదామనుకున్న ఆ కాస్త ధైర్యాన్నీ మూడేసి దెబ్బలతో చంపేసింది నువ్వే."

"ఆ షెడ్డుకి మళ్లీ ఫోన్ చెయ్యి. నేను చెబుతాను వాళ్లకి..."

"పన్లోకి ఇంకెవరినో తీసేసుకున్నారట. నువ్వేం చెప్పక్కర్లేదు."

చేట అక్కడే వదిలి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఖాళీ క్యాంపర్ పక్కన కూర్చుని, బాగున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. చెయ్యి పోయిందనుకున్నప్పుడే నయం. అప్పుడు గోడవతల మనిషైనా ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక వెర్లిన్ పెన్నర్ వచ్చాడు. ఒక చేతిలో మడత కుర్చీ, ఇంకో చేతిలో మాంసం, బీన్స్ కలిపి ఉడికించిన చిల్లీ గిన్నె, మీద రెండు తియ్యటి దాల్చినచెక్క రోల్స్. కుర్చీ వేసుకుని, మా ఊళ్లో అందరిలాగే రోల్ తుంచి చిల్లీలో ముంచాడు.

"తిను. శవంలా ఉన్నావు."

"ఆకల్లేదు పెన్నర్ గారూ."

"రేపు మధ్యాహ్నం బయల్దేరుతోంది. ఆ తెరిచి ఉన్న అతుకు మీద టేపు వేసుకుని పోతుందట. ఐడహో దాకా టేపు! నా ఇనుప స్క్రూలే నయం."

నాకు నవ్వు రాలేదు. "ఆ రివెట్లు బాగున్నాయని మీకు ముందే తెలుసా?"

"నాకు చెవులున్నాయిరా అబ్బాయ్. మొదటి రోజే తెలుసు. ఎందుకు అబద్ధమాడుతోందో కూడా తెలుసు."

"మరి ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"లోపలివాళ్ల మాటకి బయటివాడే ఎదురు చెప్పడు. నేను బయట కూడా కాదు, కుర్చీలో ఉన్నాను." కాసేపు నమిలాడు. "వాళ్లమ్మ పోయాక నా కూతురు ఇంట్లో పాట పాడటం మానేసింది. నీ షెడ్డులో పాడింది, అదీ శ్రుతి లేకుండా. నువ్వు కోపంగా ఉండాలంటే ఉండు, న్యాయమే. కానీ ఆ ట్రక్కులో ముందు రెండు సీట్లు ఉన్నాయి. నేనైతే ఐడహో పోను. నాకు అక్కడి చలి పడదు."

సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి, ప్రతి సోమవారంలాగే, ఊరి సుడిగాలి హెచ్చరిక సైరన్లు పరీక్షకి మోగాయి. ఆ మోతలోనే ట్రూడీ వచ్చింది. క్యాంపర్‌ని ట్రక్కు మీదికి ఎక్కించాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సైరన్లు ఆగేసరికి వాన మొదలైంది. అల్యూమినియం మీద చినుకులు పడుతుంటే ఎవరో లోపలా బయటా కూడా తడుతున్నట్టుంది.

"టేపు ఇలా ఇవ్వు," అంది.

"టేపు లేదు. దిమ్మ పట్టుకో."

ఒక్కక్షణం నాకేసి చూసింది. వెళ్లి లోపల కూర్చుంది.

తడుస్తూ కొట్టాను. రెండు దెబ్బలు. రెండు దెబ్బలు. ఇప్పుడు అబద్ధం లేదు. ఒక్కో రెండు దెబ్బలకీ నా ప్రాణం ఇంత చొప్పున పోతోంది. చివరి రివెట్ దగ్గర చెయ్యి ఆగింది. నుదురు రేకుకి ఆనించాను. చల్లగా ఉంది.

"ట్రూడీ, ఉండమని అడగను. ఇక్కడ నీకేం లేదు, నాకూ లేదు. రానా నీతో? అక్కడ కూడా పడవలూ ట్రైలర్లూ పగులుతాయిగా. కోపం ఇంకా పోలేదు, దారిలో తిడుతూనే ఉంటాను. అయినా రానా?"

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వినలేదేమో. విన్నదేమో, అందుకే మాట్లాడటం లేదేమో. ఇంక చేసేదేముంది? గన్ను ఆనించి కొట్టాను. శబ్దం తేటగా మారింది. అంతకంటే మంచి రివెట్ ఉండదు.

టక్. టక్.

అయిపోయింది. పనీ అయిపోయింది, నా కథా అయిపోయింది. గన్ను దించి గొట్టం ఊడదీశాను. వానలో మొహం తుడుచుకోవడం కూడా దండగే.

టక్.

అది మూడోది.

"ట్రూడీ," అన్నాను. "ఇది బాగానే ఉంది. నా చెవికి తెలుసు."

"నాకూ తెలుసు," అంది గోడవతల నుంచి, ఏడుస్తూ నవ్వుతూ. "అయినా తీసెయ్. నీ బట్టలు సర్దుకునేదాకా నాకేదో ఒక పని ఉండాలిగా."

నేను డ్రిల్లు కోసం వెతికాను.