ట్రేలు పడ్డప్పుడు

"వాడి ముఖం మనకు తెలియదు," అన్నాడు చీఫ్.

హోటల్ లాండ్రీ గదిలో ఆవిరి కమ్ముకుని ఉంది. మధ్యాహ్నపు విందులో శాస్త్రవేత్తను కాల్చడానికి విదేశీ ముఠా పంపినవాడు ఇప్పటికే లోపల ఉన్నాడనీ, ఒకప్పుడు శత్రుసైన్యంలో కమాండో అనీ, ప్లాస్టిక్ సర్జరీతో ముఖం మార్చుకున్నాడనీ ఏజెంట్‌కు ముక్తసరిగా చెప్పి చీఫ్ వెళ్ళిపోయాడు. ఆ కబురు అమ్మిన డబుల్ ఏజెంట్, కోడ్‌నేమ్ 'ముత్యం', నల్ల సిల్కు గౌనులో అతిథులకు నవ్వులు పంచిపెడుతోంది.

ఏజెంట్ వెయిటర్ వేషంలో ఉన్నాడనడం సరికాదు. అతడు నిజంగానే వెయిటర్; చీఫ్‌కు పనిచేసేది చాటుగా. యుద్ధం నుంచి వచ్చి ఏ కొలువులోనూ కుదురుకోని ఈ మాజీ సార్జెంట్‌ను, హోటల్ మేనేజరైన బావమరిది అక్క ముఖం చూసి చేర్చుకున్నాడు. కిందటి వారం కుక్కర్ వాల్వు పేలితే అతడు వంటగదిలో నేలకు కరుచుకుపోయాడు. అప్పటినుంచీ సిబ్బందికి అతడు 'బల్లి'.

"ఇంకోసారి అలా పడితే అటునుంచి అటే వెళ్ళిపో బావా. ఇంటికి కూడా రావద్దంది అక్క," అన్నాడు బావమరిది.

హాల్లో పియానో ఆగింది. శాస్త్రవేత్త ఉపన్యాసానికి లేచాడు. వెయిటర్ల చేతులూ, కెమెరామన్ నడకా, అతిథుల కోట్లూ ఎంత గాలించినా ఏజెంట్‌కు ఏమీ దొరకలేదు. ముత్యం గ్లాసు అందుకునే నెపంతో దగ్గరికొచ్చింది.

"మాట్లాడుతుండగానే కాలుస్తాడు. ఏదో ఒకటి చెయ్యి, బల్లీ."

ఏ డాక్టరూ మార్చలేనిది ఒకటుందని అతనికి తట్టింది. స్టీలు ట్రేల దొంతర గుండెల దాకా ఎత్తాడు. బావమరిది వైపు ఒకసారి చూసి, వదిలేశాడు.

పేలుడు లాంటి ఆ మోతకు తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నిలబడే ఉండాలనుకున్నాడు గానీ, ఒళ్ళు అతన్ని అడగలేదు. చెంప నేలకు తగిలింది. బల్లల కాళ్ళ సందుల్లోంచి చూస్తే, అవతల పియానో కింద మరొకడు బోర్లా పడి ఉన్నాడు. పియానో వాయించేవాడు.

చూపులు కలిశాయి. వాడి చెయ్యి కోటులోకి పోయింది. ఏజెంట్ బల్లల కిందుగా పాకాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ శాస్త్రవేత్త వైపు లేస్తుండగా మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. గుండు పియానోలో దిగి, తీగ ఒకటి మూలిగింది.

వాయిద్యకారుడికి మూర్ఛ వచ్చిందని అతిథులకు చెప్పారు. జరిగింది రహస్యం కనుక, "యూనిఫామ్ విప్పేసి వెళ్ళు," అన్న బావమరిదికి ఏజెంట్ దాన్ని మడతపెట్టి ఇచ్చేశాడు.

వ్యాన్‌లో ఏజెంట్‌కు ఎదురుగా ఖైదీ కూర్చున్నాడు.

"రాత్రుళ్ళు నీకు నిద్ర పడుతోందా?" అని వాడు నెమ్మదిగా అడిగాడు.

యుద్ధం ముగిశాక ఆ మాట అతన్ని అడిగిన మొదటి మనిషి వీడే. సంకెళ్ళు కాస్త వదులు చేద్దామా అనుకుని, ఏజెంట్ ఒక నొక్కు ఎక్కువే బిగించాడు.