సొరకాయ పాట

చర్చిలో రెండో గంట కూడా కొట్టేశారు. జెస్సీ ఇంకా పరుగెత్తుతూనే ఉంది. రెండు చేతులతో ఓ పెద్ద సొరకాయను గుండెలకు హత్తుకుంది.

"జరగండి, జరగండి!" అంటూ చర్చి మెట్లెక్కింది.

ఏటిగడ్డలో ఆ రోజు కోతల పండుగ. తుంగభద్ర మధ్యలో ముప్పై ఇళ్లున్న చిన్న దీవి అది. పొలంలో ఏది పండినా, పెరట్లో ఏది కాసినా ఆ రోజు కొంత చర్చికి తెస్తారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం పాడతారు. అవతలి ఒడ్డు నుంచి చుట్టాలు పొద్దుటి నుంచీ గుండ్రటి పుట్టిలో ఏరు దాటి వస్తూనే ఉన్నారు. గుమ్మానికి జొన్న కంకుల తోరణం. మైకులో పాటలు. వంటల దగ్గర నుంచి బెల్లం పాయసం వాసన.

బల్ల మీద కందులు, వేరుశనగలు, మిరపకాయలు ఉన్నాయి. జెస్సీ సొరకాయ పెట్టగానే అవన్నీ చిన్నబోయాయి.

"అబ్బా! యాడ కాసిందే ఇది?" అన్నాడు పుట్టి నడిపే ఓబన్న.

"మా ఇంటి మీదే మామా!"

ముందు బెంచీలో కూర్చున్న రాహేలమ్మ అవ్వ కాయ వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది.

ప్రార్థన అయింది. పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు సొరకాయను పైకెత్తారు.

"యాభై!"

"డెబ్భై!"

"నూరు! మా ఇంటికి చుట్టాలొచ్చినారు, నాకే కావాల!" అని ఓబన్న అరిచాడు. పిల్లలు ఈలలు వేశారు. అవ్వ పక్కనే నిలబడి జెస్సీ గంతులేసింది.

అప్పుడు పక్కింటి విశ్వాసమ్మ వంగి అవ్వను అడిగింది. "అత్తా, ఆ కాయ విత్తనాలకు ఇడ్సినావు కదా? ఈ యేడు మాకందరికీ గింజలెట్ల?"

"పోనీలే. పిల్ల శానా సంబరంగా తెచ్చిండాది" అంది అవ్వ మెల్లగా.

జెస్సీ గంతులు ఆగిపోయాయి.

ఏటిగడ్డలో ప్రతి ఇంటి సొర తీగా అవ్వ ఇచ్చిన గింజతో మొలిచిందే. ఆ పెద్ద కాయ జోలికి పోవద్దని అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. అడిగితే వద్దంటుందనే జెస్సీ అడక్కుండా కోసింది.

"నూరు... ఒకటోసారి! రెండోసారి!"

ఇంకొక్క మాటతో కాయ ఓబన్నది అయిపోతుంది. ఇంతమందిలో ఎలా చెప్పడం? జెస్సీ చెయ్యి పైకెత్తింది.

"అయ్యగారూ, ఆగండి!"

చర్చి అంతా ఆమె వైపు తిరిగింది.

"అది... విత్తనాల కాయ. అవ్వకు చెప్పకుండా కోసుకొచ్చినా. తప్పు నాదే."

అయ్యగారు కాయను అవ్వ చేతికిచ్చారు. అవ్వ తొడిమ తడిమి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టింది. టక్ టక్‌మంది.

"బాగా ముదిరిండాది. ఎండబెడితే గింజలు దక్కుతాయి. ఓబన్నా, దీన్ని కోసుంటే నీ కత్తి ఇరిగేది!"

అందరూ గొల్లున నవ్వారు.

"అది సరే గానీ, మా చుట్టాలకు కూరెట్లమ్మా?" అన్నాడు ఓబన్న నవ్వుతూనే.

జెస్సీ కళ్లు తుడుచుకుంది. గుమ్మం వైపు రెండడుగులు వేసి, టక్కున వెనక్కి తిరిగి అవ్వ దగ్గరికి వచ్చింది.

"అవ్వా, పెరట్లో మన బెండకాయలు కోసుకొచ్చేదా?"

అవ్వ ముఖం విప్పారింది. "పో. లేతవి చూసి కోయి. చివరి చెట్టుది మాత్రం ముట్టొద్దు, విత్తనాలకు ఇడ్సినా."

"ముట్టనులే!"

మాట పూర్తి కాకముందే జెస్సీ మెట్లు దాటేసింది. వెనక మైకులో అయ్యగారి గొంతు మోగింది.

"ఓబన్నా, కూసోప్పా! నీ కూర వస్తాండాది!"