దానిమ్మ తొక్కల పూత

"ఎవరండీ మిమ్మల్ని వాటిని ముట్టుకోమన్నది?"

ఆ కేకకి పక్క గదిలో టీ తాగుతున్నవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. లాబ్‌లో అందరూ తొక్కల మేడమ్ అని ముద్దుగా పిలిచే అమ్మాయి, చేతిలో ట్రే పట్టుకుని నిప్పులు చెరుగుతోంది. ఎదురుగా పళ్ళ డాక్టరు. ఆమెతో కలిసి పనిచేయడానికి డెంటల్ హాస్పిటల్ నుంచి ఆ రోజే వచ్చాడు పాపం.

"స్క్రూలు విడిగా కనిపించాయి. స్టెరిలైజ్ చేసి పెడదామని..."

"అందుకని ఆవిరి మెషిన్లో పడేసి ఉడకబెట్టారా? ఇవేమన్నా బంగాళాదుంపలా?"

అవి పన్ను పోయినవాళ్ళకి వేరుకి బదులుగా దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు. వాటి చుట్టూ క్రిములు చేరకుండా ఆమె ఒక పూత కనిపెట్టే పనిలో ఉంది. దానిమ్మ తొక్కలు మరిగించి, ఆ కషాయంతో కంటికి ఆనని వెండి రేణువులు తయారుచేసి, నెలల తరబడి కిందామీదా పడి ఆ పూత వేసింది. తేనెరంగులో మెరవాల్సిన స్క్రూలు ఇప్పుడు బూడిద రాసుకున్నట్టున్నాయి.

పళ్ళ డాక్టరుకి స్క్రూ కనిపిస్తే చాలు, చేతులు స్టెరిలైజర్ వైపు వాటంతట అవే వెళ్ళిపోతాయి. అదో జబ్బు. ఆమె తిట్టినంతసేపూ అతను ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. దాంతో ఆమెకి ఒళ్ళు ఇంకా మండిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె టేబుల్ మీద సంచీడు దానిమ్మ తొక్కలున్నాయి.

"ప్రాయశ్చిత్తం," అన్నాడతను. "ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్నాం. ఇంక నా వల్ల కాదురా, నన్నొదిలెయ్ అని మా నాన్న దణ్ణం పెట్టేశారు."

ఆమెకి నవ్వు ఆగలేదు. ఆ వెంటనే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

ఆ చెయ్యి అలా వెళ్ళడం వెనక ఓ కథ ఉంది. కాలేజీ రోజుల్లో సైకిల్ మీంచి పడి ముందు పన్ను పోగొట్టుకుంది. ఇలాంటి స్క్రూ మీదే ఇంప్లాంట్ పన్ను వేయించుకుంటే చుట్టూ చీము పట్టి అదీ ఊడిపోయింది. అప్పట్నుంచి తీసిపెట్టుకునే కట్టుడు పన్నుతోనే నెట్టుకొస్తోంది. తన పూత మనుషుల నోటిదాకా వచ్చాకే మళ్ళీ వేయించుకుంటానని పంతం పట్టింది. ఈ సంగతి వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

తొక్కలు రోజూ వస్తూనే ఉన్నాయి. ఇద్దరూ కలిసి మరిగించారు, వడగట్టారు, మళ్ళీ పూత వేశారు. బయట వాన పడుతుంటే కషాయం రంగు మారేదాకా కబుర్లు చెప్పుకున్నారు. అతను రాని రోజున లాబ్ బోసిపోయినట్టుండేది. అతనంటే ఇష్టమని ఆమెకి తెలిసిపోయింది, దాంతోపాటే భయమూ పట్టుకుంది. లోకంలో ఎవరికి తెలిసినా సరే, పొద్దస్తమానం పళ్ళు చూసే మనిషికి మాత్రం తెలియకూడదు.

"మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది," అన్నాడు ఒకరోజు.

"నన్నా? ఎందుకట?"

"మా చేత ఇన్ని దానిమ్మలు తినిపించిన మనిషి ఎలా ఉంటుందో చూడాలట." అతని గొంతు తగ్గింది. "నాకూ చూపించాలనుంది. ఊరికే కాదు."

ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"నాకు పనుంది," అని అటు తిరిగిపోయింది.

అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తొక్కలు మాత్రం తెచ్చి పెట్టి, పని మాటలే మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆమెకి ఏడుపొచ్చేది.

ఫలితం చూసే రోజు వచ్చింది. గాజు పళ్ళెంలో పెంచిన క్రిములు మీగడలా పరుచుకున్నాయి. కొత్తగా పూత వేసిన స్క్రూ చుట్టూ మాత్రం గుండ్రంగా, అద్దంలా శుభ్రంగా ఉంది.

"వచ్చేసింది! వచ్చేసింది!" ఆమె ఎగిరి గంతేసి పగలబడి నవ్వింది. అంతలోనే గుర్తొచ్చి చెయ్యి పైకి లేచింది.

"ఆ చెయ్యి దించెయ్యండి," అన్నాడతను మెల్లగా.

ఆమె చేతులు కడుక్కుని టీ గదిలోకి నడిచింది. అతనూ వెనకే వచ్చాడు.

"ఒకటి చెప్పాలి. వింటే మీ అమ్మగారిని మీరే వద్దంటారు. నా ముందు పన్ను నాది కాదు."

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. నోరంతా తెరిచి తిట్టారు కదా. పళ్ళ డాక్టర్ని, ఆ మాత్రం కనపడదా?"

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నేనడిగితే పేషెంట్‌ని అడిగినట్టుంటుంది. మీ అంతట మీరు చెప్పాలనుకున్నా." లాబ్ వైపు చెయ్యి చూపించాడు. "ఈ పూత మనుషులదాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. నాకంటే మీకే బాగా తెలుసు. పన్ను కోసం ఆగండి, తప్పులేదు. నవ్వు కూడా అప్పటిదాకా ఆగాలా?"

ఆమె అటు తిరిగి, ఆ పన్ను తీసి సాసర్లో పెట్టి, ఇటు తిరిగింది. అతను అలవాటుకొద్దీ కళ్ళు చికిలించి, చిగురు చూడ్డానికి ముందుకి వంగాడు.

"డాక్టరులా కాదు," అందామె. "మామూలుగా చూడండి."

అతను నిటారుగా నిలబడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేసి, మామూలుగా చూశాడు.

"ఎలా ఉన్నాను?"

"తిట్టిన రోజు కన్నా బావున్నారు. ఆ రోజే చాలా బావున్నారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే మీ అమ్మగారిని రమ్మనండి."

ఆ మాటతో అతనికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఏం చేయాలో తోచక సాసరు చేతిలోకి తీసుకున్నాడు. "ఉండండి, దీన్ని చిటికెలో స్టెరిలైజ్ చేసి తెచ్చిస్తా," అంటూ ఆవిరి మెషిన్ వైపు బయల్దేరాడు.

"ఎవరండీ మిమ్మల్ని దాన్ని ముట్టుకోమన్నది?"

ఆ కేకకి లాబ్‌లో వాళ్ళంతా మళ్ళీ పరుగెత్తుకొచ్చారు. తొక్కల మేడమ్ నోరంతా తెరిచి నవ్వుతోంది, రెండు చేతులూ నడుం మీదే ఉన్నాయి.