గోడకెక్కిన ముసలమ్మ

మామిడిపల్లిలో అరవింద్ ఇల్లు విమానాలు దిగే దారి కిందే ఉంటుంది. ఒక్కోటి దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ చప్పుడు వింటే చాలు, అతని కాలు ఇంట్లో నిలవదు. శంషాబాద్ ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి ఫొటోలు తీసి తీసి విసుగెత్తాక, ఏడాదికోసారి ఏదో ఒక దేశం పోయి అక్కడి మనుషుల మొహాలు తీసుకొస్తాడు. గుళ్ళూ కోటలూ అతనికక్కర్లేదు. ముడతలు పడ్డ మొహం ఒక్కటి కనబడితే తిండీ నిద్రా గుర్తుండవు.

ఈసారి జార్జియా కొండపల్లెల్లో తీసిన నలుగురు ముసలివాళ్ళను పెద్దగా ప్రింటు వేయించి, ఫ్రేములు కట్టించి, హాల్లో గోడకు తగిలించాడు. వచ్చే వారం నగరంలో ప్రదర్శన. ముగ్గురు చక్కగా కూర్చుని నవ్వారు. నాలుగో ఆవిడ నల్ల రుమాలు కట్టుకున్న ముసలమ్మ. కెమెరా ఎత్తగానే అరచెయ్యి అడ్డం పెట్టి "అరా" అంది. వాళ్ళ భాషలో వద్దని. అరవింద్ సరేనని తల ఊపి, పక్క సందులోకి పోయి, గోడ చాటునుంచి పెద్ద లెన్సుతో లాగేశాడు. చివరి క్షణంలో ఆవిడ చూసింది. లేస్తున్న చెయ్యి, దాని వెనక మండిపోతున్న కళ్ళు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ముందు ఆ ఫొటోనే చూపించేవాడు. ఆవిడ వద్దన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, వచ్చింది. భార్య శోభ బతుకమ్మ ఆడటానికి మంఖాల్‌లో తల్లిగారింటికి పోయింది. పోయిన తండ్రికి ఆరోజు అన్నం పెట్టాల్సింది కొడుకే అయినా, ప్రతి ఏడూ ఆ పని తల్లి రుక్మిణమ్మ నెత్తిన పడేసి అరవింద్ ఆల్బం పనని జారుకునేవాడు. ఈ ఏడూ అంతే. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి, హాల్లో లైటు వేసి, అక్కడే నిలబడిపోయాడు.

నాలుగు ఫ్రేములకూ బంతిపూల దండలు. అద్దాల మీద, సరిగ్గా నుదుటి దగ్గర, కుంకుమ బొట్లు. కింద వరసగా విస్తళ్ళలో అన్నం, పప్పు, గారెలు.

"ఏందమ్మా ఇది?"

"పెత్రమాస గద బిడ్డా. మీ బాపుకు పెట్టిన. వీళ్ళను ఊకె ఎట్ల ఇడిసిపెడ్త?"

"వాళ్ళు బతికే ఉన్నరమ్మా."

రుక్మిణమ్మ వింతగా చూసింది. బతికున్న ముసలివాళ్ళ ఫొటో ఇంత పెద్దది చేసి గోడకు పెట్టిన ఇల్లు ఆమె ఎరగదు. "మరి గోడకెందుకు ఎక్కిచ్చినవ్?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పేరు చెప్పి పెడితేనే పోయినోళ్ళకు అందుతది. వీళ్ళ పేర్లు నాకు తెల్వయి. అందుకే, మా ఇంటోళ్ళ లెక్కనే తినుండ్రి అన్న."

అరవింద్‌కు ఒళ్ళు మండింది. అద్దాలన్నీ ఖరాబు చేసిందని గొణుక్కుంటూ తడిబట్ట తెచ్చాడు. అప్పుడు చూశాడు. మూడు విస్తళ్ళలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముసలమ్మ కింది విస్తట్లో ఒక్క మెతుకు లేదు.

"పిల్లి గిట్ల వచ్చిందా?"

"తలుపులన్ని పెట్టే ఉన్నయి బిడ్డా."

ముగ్గురి బొట్లూ ఇట్టే పోయాయి. నాలుగోది పోలేదు. గట్టిగా రుద్దాడు. గోటితో గీకాడు. వేలికి నున్నటి అద్దం తప్ప ఏమీ తగల్లేదు. బొట్టు అద్దం లోపల ఉంది... కాగితం మీద... ఇంకా తడిగా.

ఏదో వాసన వచ్చింది. తడిసిన ఉన్ని, కట్టెల పొగ. ఆ కొండపల్లె సందులో కొట్టిన వాసన అది. పైన విమానం ఒకటి దిగుతోంది. ఆ మోత తగ్గాక, వెనక నుంచి ఒక మాట వినిపించింది.

"అరా..."

వెనక్కి తిరిగాడు. హాలు మధ్యలో రుక్మిణమ్మ నిలబడి ఉంది. అరచెయ్యి మొహానికి అడ్డం లేచి ఉంది. వేళ్ళ సందుల్లోంచి అతన్నే చూస్తోంది. చిన్న గొంతుతో, ఆగకుండా, ఆ భాషలో ఏదేదో అంటోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తిడుతోందని మాత్రం తెలిసింది. కన్నతల్లి కళ్ళలో అంత పగ చూడగానే వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికి వస్తోంది...

"తప్పయింది," అని గుసగుసగా అన్నాడు. తల్లితో అంటున్నాడో, ముసలమ్మతో అంటున్నాడో అతనికే తెలియదు. "దించుతున్న... ఇగో, దించుతున్న... మా అమ్మను ఇడిసిపెట్టు."

దండ తెంపాడు. ఫ్రేము పట్టి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. మేకుతో సహా ఊడి వచ్చింది. ఫొటోను నేలకు బోర్లించి పెట్టాడు.

రుక్మిణమ్మ చెయ్యి కిందికి వాలింది. వాసన పోయింది. ఆమె ఇల్లంతా కొత్తగా చూసి, ఉన్నచోటే కూలబడింది. "ఏమైంది బిడ్డా? గట్ల వణుకుతున్నవేంది?" అని అడిగింది తన గొంతుతోనే. అరవింద్ ఆమెను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తల్లి దక్కింది, ఇంకేమీ వద్దనుకున్నాడు.

"జర అన్నం పెట్టు. ఆకలి దంచుతున్నది."

వంటింట్లోకి ఉరికి, వేడివేడిగా అన్నం, పప్పు కలిపి పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రుక్మిణమ్మ ఆశగా చూసింది. చెయ్యి చాపింది. వేళ్ళు మెతుకుల్లోంచి పోయి పళ్ళేనికి తగిలాయి. ఒక్క మెతుకూ కదల్లేదు.

"అందుతలేదు బిడ్డా."

నీరసమేమో అనుకుని తనే ముద్ద చేసి నోటికి పెట్టాడు. పెదాలు తెరుచుకున్నాయి. ముద్ద ఒళ్ళో పడింది. ఇంకోటి పెట్టాడు. అదీ పడింది.

రుక్మిణమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు చేతినీ, చేతిలో ముద్దనూ చూసింది.

"గట్ల కాదు," అంది మెల్లగా. "నా పేరు చెప్పి పెట్టు."