తవుడుకు కొన్న బిడ్డ

హోసూరు ఆసుపత్రిలో పసిపిల్లల చెవులు చూసే గది మెట్ల కింద ఉంటుంది. మిట్టమధ్యాహ్నమైనా ఆడ లైటు వెలగాల్సిందే. పినాయిలు వాసన, పాలు కక్కిన గుడ్డల వాసన కలిసి ముక్కుకు కొడుతుంటాయి. గోడకు ఆనించి ఒక ఇనుప బెంచీ. దాని చివర పుట్టమ్మ తన రెండు నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని కూర్చుని ఉంది. తళి పక్క పల్లె నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. తోడుగా పక్కింటి ముసలామె అంగాళమ్మ.

బిడ్డ పేరు తవుడమ్మ. ముందు కాన్పులో పుట్టిన గౌరి నెల తిరక్కుండానే జ్వరంతో పోయింది. అందుకని ఈ బిడ్డ పుట్టగానే చేటలో వేసి దిబ్బ మీద పెట్టినారు. అంగాళమ్మ చేరెడు తవుడిచ్చి కొనుక్కుంది. ముక్కు కుట్టించి నల్లదారం కట్టింది.

"ఇంక ఇది నా బిడ్డ. నువ్వు పాలిచ్చి సాకు, అంతే. నాదని ఎప్పుడన్నా నోరు జారినావంటే ముందుది లేచి వస్తుంది" అని చెప్పింది. ఆ మాట పుట్టమ్మ కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు భయం ఇంకొకటి. ఇత్తడి తట్ట ఖంగుమని కింద పడినా బిడ్డ ఉలిక్కిపడదు. పుట్టినప్పుడు ఇదే గదిలో చూసి, చెవి పలకలేదు, మళ్ళీ చూసి కృష్ణగిరి పెద్ద డాక్టరుకు పంపాల అన్నారు.

కంప్యూటరు ముందర నర్సు హేమావతి కూర్చుని ఉంది. జిల్లాలో ఏ ఆసుపత్రిలో పసిబిడ్డకు పరీక్ష చేసినా, పాతవీ కొత్తవీ అన్నీ ఒకే కంప్యూటరు లెక్కలోకి చేరాలని ఆ ఏడాదే ఉత్తర్వు వచ్చింది. ఆ పని నెత్తిన పడ్డప్పటినుంచి ఆమె అందరి మీదా కసురుకుంటూనే ఉంది.

"తల్లి పేరు?"

"అంగాళమ్మ" అంది పుట్టమ్మ.

హేమావతి ముసలామెను చూసి పక్కున నవ్వింది. "ఏమవ్వా, ఈ వయసులో కన్నావా? పేపర్లో వేయిస్తాంలే."

"కనలేదు. కొన్నాను."

"కొన్నావా! పోలీసును పిలిచేదా?" నవ్వు ఆగిపోయింది. "ఇదో చూడమ్మా, కన్నతల్లి పేరు లేకుంటే కంప్యూటరు తీసుకోదు. చెవిటిదాన్ని ఎత్తుకోని ఇట్లే ఊరికి పో. బిడ్డ ఎవరిది?"

అంగాళమ్మ ఆమె చెయ్యి గట్టిగా గిల్లింది. పుట్టమ్మ బిడ్డ చెవుల వైపు చూసింది.

"నాదే మేడం" అంది, వినపడీ వినపడకుండా.

"ముందే చెప్పి ఏడవచ్చు కదా." టకటకా కొట్టింది. "పుట్టమ్మ... ఆడబిడ్డ... నీ పేరు మీద ఇంకొకటి ఉందే! ఒకే బిడ్డను రెండుసార్లు ఎక్కించినారు. కలిపేస్తాను."

"అయ్యో, అది పోయిన గౌరిది..."

హేమావతి మీట నొక్కేసింది.

కరెంటు పోయింది.

చెవులు చూసే బ్యాటరీ మిషను పచ్చదీపం ఒక్కటే మిగిలింది. "దీనికి కరెంటు అక్కర్లేదు, పడుకోబెట్టు" అంది హేమావతి. పుట్టమ్మ బిడ్డను బెంచీ మీద పడుకోబెట్టింది. ఆ మిషను చెవిలోకి సన్నగా కూత పంపుతుంది. చెవి బాగుంటే తిరిగి పలుకుతుంది.

కీ... అంది మిషను. చెవి పలకలేదు.

రెండో చెవి. కీ... పలకలేదు.

హేమావతి చెవిలోంచి మిషను గొట్టం తీసేసింది. మిషను ఆగలేదు. కీ...

పలికింది.

గొట్టం ఆమె చేతిలోనే ఉంది. ఏ చెవిలోనూ లేదు. కీ... మళ్ళీ పలికింది. గదిలో పినాయిలు వాసన లేదు. తవ్విన మన్ను వాసన... బెంచీ మీద ఊపిరి రెండుగా వినపడుతోంది...

"ఎత్తుకో" గుసగుసగా అంది హేమావతి. "ఎత్తుకోని పో..."

పుట్టమ్మ చీకట్లో తడుముకుని, చేతికి తగిలిన బిడ్డను ఎత్తుకుని పరుగు తీసింది.

తళి బస్సు కదిలేసరికి మసక పడింది. మలుపులో డ్రైవరు హారను కొట్టినాడు. ఒళ్ళో బిడ్డ ఉలిక్కిపడింది.

"పెద్దమ్మా! చూసినావా? వినపడింది! నా బిడ్డకు వినపడింది!" పుట్టమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అంగాళమ్మ నవ్వలేదు. బస్సు దీపం కింద బిడ్డ ముక్కు మీద వేలు పెట్టి చూసింది.

"దారం యాడ?"

"యాడో ఊడిపోయుంటుంది."

"దారం ఊడుతుంది సరే. చిల్లి యాడికి పోతుందే పుట్టా?"

ఆ వేలు చీరకు తుడుచుకుంది. లేచి పోయి ముందు సీట్లో కూర్చుంది. మళ్ళీ వెనక్కి తిరగలేదు.

అప్పుడే పుట్టమ్మ ఫోను మోగింది. హేమావతి.

"తల్లివేనా నువ్వు? బిడ్డను బెంచీ మీదే పడేసి పోతావా? ముక్కుకు నల్లదారం ఉంది. ఎంత పిలిచినా ఇటు తిరగదు, ఒకటే ఏడుపు. నీదా కాదా, చెప్పు!"

ఫోనులో ఆ ఏడుపు వినపడగానే పుట్టమ్మకు పాలు చేపుకొచ్చినాయి. నాదే, అనబోయింది.

ఒళ్ళోంచి చిన్న చెయ్యి లేచి ఆమె నోరు మూసింది.

గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను... ఇంకా తడిగా...